పున్నమి జాగరణము, ప్రొద్దుటి లెక్క

జాగరణ మనునది మన పల్లెలకు క్రొత్తది కాదు. శివరాత్రినాడును, అఖండభజన జరుగు దినములందును రాత్రియెల్ల మేలుకొని, గుడికో సత్రమునకో చందాలు పోగుచేయుట పెద్దలందఱు నెఱిగినదే. అట్టి రాత్రిని బౌద్ధులు పదిమందితో గూడి మౌనధ్యానమున గడపి, ఆ సందర్భమున ధర్మకార్యమునకు ధనము కూర్చదలచినచో దాని నెట్లు నడుపవలయును? ఇందులకు జవాబు ప్రాచీన శాసనములలో నున్నది.

బౌద్ధుల జాగరణమునకు మూలము ఉపోసథవ్రతము. అన్యమతముల పరివ్రాజకులు పక్షమునందు అష్టమి, చతుర్దశి, పంచదశి దినములలో కూడి ధర్మము చెప్పుకొనుట చూచి, భిక్షువులును అట్లు కూడిన బాగుండునని మగధరాజైన బింబిసారుడు బుద్ధునితో విన్నవించెనని వినయపిటకము చెప్పుచున్నది. ఆనాడు గృహస్థులు అష్టశీలములు పూని, మధ్యాహ్నము దాటిన పిమ్మట భుజింపక, ఆటపాటలను, ఎత్తైన పాన్పులను విడిచి, ఒక పగలు నొక రాత్రియు గడపుదురు. సింహళమున నేటికిని భిక్షువులు తెల్లవార్లు పరిత్తపాఠము చేయుచుండగా ఊరివారు కూర్చుండి విందురు. గృహస్థుని పుణ్యమార్గములు మూడు: దానము, శీలము, భావన. భావన యనగా ధ్యానమే. కావున ధ్యానమునకు కూర్చున్నచోట దానమునుగూర్చి తలపెట్టుట తప్పు కాదు. దానిని నడుపు తీరే ముఖ్యము.

మన పూర్వులు దాని నెట్లు నడిపిరో చూతము. క్రీస్తునకు పూర్వపు కాలమునకు చెందిన భట్టిప్రోలు స్తూపమును 1892లో త్రవ్వగా ధాతుపేటికలు దొరకినవి. వానిపై కుబిరక రాజు పేరేకాక, గోష్ఠిలోని వారి పేర్లును, నిగమములోని వారి పేర్లును వరుసగా చెక్కబడియున్నవి. గోష్ఠి యనగా ధర్మకార్యమునకై కూడిన సంఘము. అమరావతిలో విధికుడను చర్మకారుడు తన తల్లి, భార్య, సోదరులు, బిడ్డలతో గూడి పూర్ణకుంభము చెక్కిన పలక నిచ్చెను. రాజు పేరునకు రాయి యెట్లో, చెప్పులు కుట్టువాని పేరునకును రాయి యట్లే.

ఇట్టి దానము జరిగిన చోటు మనకు చేరువనే కలదు. జనగామనుండి సూర్యాపేటకు పోవు త్రోవలో తిరుమలగిరికి సమీపమున ఫణిగిరి యున్నది. ఆ కొండపై మహాస్తూపము, చైత్యగృహములు, విహారములు బయల్పడినవి. ఇక్ష్వాకు రాజైన రుద్రపురుషదత్తుని 18వ రాజ్యసంవత్సరమున ప్రధానవైద్యుడొకడు అచ్చట ధర్మచక్రమును నిలిపినట్లు శాసనము చెప్పుచున్నది. 2024లో అచ్చటనే ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణెములు దొరకినవి. ఒకవైపున ఏనుగు, రెండవవైపున ఉజ్జయినీ చిహ్నము. అది బంగారము కాదు. సామాన్యుల చేతులలో మెలగిన చిల్లర.

పోగైన ధనము నేమి చేయవలయును? దీనికి నాసిక గుహాశాసనము చక్కని ఉదాహరణము. నహపానుని అల్లుడైన ఉషవదాతుడు 42వ సంవత్సరమున 3,000 కార్షాపణములను సాలెవారి శ్రేణులలో నిలువ యుంచెను. అందు 2,000 నూటికి నెలకు ఒకటి చొప్పున, 1,000 నూటికి నెలకు ముప్పాతిక చొప్పున. మన పల్లెమాటలో చెప్పవలెనన్న రూపాయి వడ్డీ, ముప్పావలా వడ్డీ. 2,000 మీద ఏటికి వచ్చు వడ్డీ 240. ఇరువదిమంది భిక్షువులకు తలకు 12 చొప్పున వస్త్రములకు సరిగా సరిపోయెను. మొదలు ముట్టరాదు, వడ్డీయే అనుభవింపవలెను; కనుకనే దానికి అక్షయనీవి యని పేరు. అంతటితో విడువక, దానిని నిగమసభలో వినిపించి ఫలకమున వ్రాయించిరి.

రాత్రి కూడిన ధనము తెల్లవారిన పిమ్మట లెక్కకు రాక తగవులైన ఉత్సవములు మనమెఱుగనివి కావు. అట్టిచోట రాత్రియెల్ల నిలిపిన మనశ్శాంతి ప్రొద్దుటి కలహముతో పోవును. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి సీమలలో పున్నమి ధ్యానమునకు పూనుకొను పెద్దలు ఈ శాసనముల పద్ధతినే పాటింపవచ్చును. ధనమెందులకో ప్రొద్దుగ్రుంకకమునుపే చెప్పుడు. ధ్యానము నడుమ పళ్లెము త్రిప్పకుడు. అణా యిచ్చినవాని పేరును, వేయి యిచ్చినవాని పేరును ఒకే వరుసలో వ్రాయుడు. సూర్యోదయమున అందఱియెదుట చదివి వినిపింపుడు. మొదలును కాపాడి, వడ్డీతో కార్యము నడుపుడు.

తుదకొక మాట. 1797లో మెకంజీ దొర అమరావతికి వచ్చునప్పటికి అచ్చటి స్తూపపు రాళ్లను క్రొత్తపట్టణపు కట్టడములకై త్రవ్వి తీయుచుండిరి. కొన్ని పలకలు సున్నపు బట్టీల పాలయ్యెను. ఎందఱో కష్టజీవులు పేర్లు చెక్కించి యిచ్చిన రాళ్లవి. ఆ పేర్లను చదువగలవారు ఊరిలో లేకపోవుటచే దానము వట్టి సున్నపురాయి యయ్యెను. వ్రాసినచో చాలదు, వ్రాసినదానిని తరతరమునకు చదివి వినిపించువారును ఉండవలెను. ఆ బాధ్యత చదువు నేర్చిన గ్రామపెద్దలదే.