ధీరోద్ధతుడు జిమ్ బ్రౌన్

అలంకారశాస్త్రంతో కొద్దిపాటి పరిచయమున్న వారికి కూడా నాయక భేదాలు నాలుగని తెలుసు. ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు. ఓరుగంటి ప్రతాపరుద్రుని ఆస్థానంలో విద్యానాథుడు రచించిన ప్రతాపరుద్రీయాన్ని మా తరం పండితశిక్షణలో శ్రద్ధగా చదువుకున్నాము. అందరమూ ఉదాత్తుని మెచ్చుకున్నాము గాని, ఉద్ధతుని వద్ద ఎక్కువసేపు ఆగలేదు. వానికి పరాక్రమముంటుంది. దానితోపాటే దర్పమూ, చండస్వభావమూ ఉంటాయి. ఈ లక్షణం సంపూర్ణంగా సరిపోయే మనిషి నాకు కావ్యాలలో కాక అమెరికా క్రీడాచరిత్రలో కనిపించాడు. ఆయన పేరు జిమ్ బ్రౌన్.

ఒహాయో రాష్ట్రంలోని మా అమ్మాయి ఇంట కొన్ని నెలలున్నప్పుడు ఆ దేశపు ఫుట్‌బాల్‌ను మా అల్లుడు నాకు ఓపికగా వివరించాడు. పేరుకు పాదకందుకమే గాని బంతి ఎక్కువగా చేతులలోనే ఉంటుంది. జట్టుకు పదకొండుగురు. నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు సాగాలి, లేకుంటే బంతి ఎదుటివారి వశమౌతుంది. బంతిని పొట్టకు హత్తుకొని, శత్రువ్యూహాన్ని చీల్చుకుంటూ పరుగెత్తేవాణ్ణి రన్నింగ్ బ్యాక్ అంటారు. మన చెడుగుడులో కూతకు వెళ్ళినవాణ్ణి చుట్టుముట్టి పడగొట్టినట్లే వీణ్ణీ పడగొడతారు. ఒక్క ఆటలో ఇరవైసార్లు పడి, ఇరవైసార్లు లేవాలి. అందుచేత ఈ స్థానంలో ఆడేవారి శరీరాలు త్వరగా శిథిలమౌతాయి.

జిమ్ బ్రౌన్ 1936 ఫిబ్రవరి 17న జార్జియా రాష్ట్రంలో సెయింట్ సైమన్స్ అనే ద్వీపంలో పుట్టాడు. తండ్రి ఇల్లు విడిచి వెళ్ళాడు. తల్లి పొట్టకూటికై ఉత్తరాదికి వెళ్ళి ఇళ్ళలో పనిచేసేది. బిడ్డను ముత్తవ్వ పెంచింది. ఎనిమిదేళ్ళ వయస్సులో న్యూయార్క్ సమీపంలోని మాన్‌హాసెట్‌కు తల్లి దగ్గరకు చేరాడు. అక్కడి పాఠశాలలో అతడు ఆడని ఆట లేదు. సిరక్యూస్ విశ్వవిద్యాలయం మొదట అతనికి ఫుట్‌బాల్ ఉపకారవేతనం ఇవ్వలేదు. కెన్నెత్ మొల్లాయ్ అనే న్యాయవాది ఊరివారివద్ద చందాలు పోగుచేసి చేర్పించాడు. అక్కడ ఫుట్‌బాల్‌లోనే గాక లాక్రాస్‌లోనూ అగ్రగణ్యుడయ్యాడు. 1956లో కోల్గేట్ జట్టు మీద ఒక్క ఆటలోనే 43 పాయింట్లు సాధించాడు. ఆ యేటి హైస్‌మన్ పురస్కారానికి మాత్రం ఐదవ స్థానమే దక్కింది. నల్లజాతి క్రీడాకారునికి ఆ పురస్కారం తొలిసారి లభించింది 1961లో. దానిని పొందిన ఎర్నీ డేవిస్, సిరక్యూస్‌లోనే బ్రౌన్ ధరించిన 44వ సంఖ్యను ధరించి ఆడినవాడు.

ఇక్కడ ఆ కాలపు స్థితి కొంత చెప్పాలి. 1934 నుండి 1945 వరకు నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో ఒక్క నల్లజాతి ఆటగాడూ లేడు. 1946లో ఆ గోడ బీటలు వారింది. వాషింగ్టన్ జట్టు మాత్రం 1962 వరకు మొండికేసింది. బ్రౌన్‌తోపాటు క్లీవ్‌లాండ్‌లో ఆడిన బాబీ మిచెల్ ఆ జట్టులో చేరిన తొలి నల్లజాతి క్రీడాకారులలో ఒకడు. అతణ్ణి వదులుకొని క్లీవ్‌లాండ్ సంపాదించుకున్నది ఎర్నీ డేవిస్‌ను. కాని డేవిస్‌కు రక్తపు క్యాన్సర్ సోకింది. వృత్తిక్రీడలో ఒక్క ఆటైనా ఆడకుండానే 1963 మే 18న, ఇరవైమూడేళ్ళకే, కన్నుమూశాడు. సరిగ్గా అరవై ఏళ్ళకు, 2023 మే 18న, జిమ్ బ్రౌన్ తన ఎనభైయేడవ యేట మరణించడం కాలం కూర్చిన యాదృచ్ఛికం.

బ్రౌన్ 1957లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టులో చేరాడు. తొమ్మిది సీజన్లు ఆడాడు. అందులో ఎనిమిదింట పరుగుల గజాలలో లీగ్ మొత్తానికి ప్రథముడు. తప్పిన 1962లో మణికట్టు గాయంతో ఆడాడు. 1963లో పద్నాలుగు ఆటలలో 1,863 గజాలు పరుగెత్తాడు. 1964 డిసెంబరు 27న బాల్టిమోర్ కోల్ట్స్‌ను 27-0తో ఓడించి క్లీవ్‌లాండ్ విజేత అయినప్పుడు ఆ జట్టుకు వెన్నెముక ఆయనే. మొత్తం 118 ఆటలలో 12,312 గజాలు. ఆ తొమ్మిదేళ్ళలో ఒక్క ఆటకూ గైరుహాజరు కాలేదు.

ఈ అంకెలను తరువాత వాల్టర్ పేటన్ 1984లో దాటాడు. 2002లో ఎమ్మిట్ స్మిత్ పేటన్‌ను దాటి, చివరకు 18,355 దగ్గర ఆగాడు. కాని వారు ఆడినది పదమూడేళ్ళు, పదిహేనేళ్ళు. ఆటకు సగటున చూస్తే స్మిత్‌కు 81, పేటన్‌కు 88, బ్రౌన్‌కు 104. ఆటకు నూరు గజాల సగటుతో వృత్తిజీవితం ముగించినవాడు ఆయన తప్ప మరొకరు లేరు.

లెక్కలకన్నా నన్ను ఆకర్షించినది ఆయన అలవాటొకటి. పడగొట్టిన ప్రతిసారీ మెల్లగా లేచేవాడు. మెల్లగా నడిచి తనవారిని చేరేవాడు. దెబ్బ తగిలినా అంతే, తగలకున్నా అంతే. ఎదుటివారికి తన బాధ తెలిసే అవకాశమే ఇవ్వలేదు.

1966 వేసవిలో ‘డర్టీ డజన్’ చలనచిత్రం కోసం ఇంగ్లండులో ఉండగా వర్షాలవల్ల చిత్రీకరణ ఆలస్యమైంది. జట్టు శిక్షణకు రాకుంటే జరిమానా విధిస్తానని యజమాని ఆర్ట్ మోడెల్ హెచ్చరించాడు. బ్రౌన్ దానికి బదులుగా ఆటకే స్వస్తి చెప్పాడు. అప్పటికి ముప్పయ్యేళ్ళు. ముందటి యేడు లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడుగా ఎన్నికైనవాడు. మళ్ళీ రాలేదు. జరిమానా సొమ్ము ఆయనకు పెద్దది కాదు. తన శరీరం మీద అధికారం తనదా, యజమానిదా అన్నదే ప్రశ్న. బానిసత్వం రద్దయి అప్పటికి నూరేళ్ళు గడిచాయి. దక్షిణాది నల్లజాతి కుటుంబంలో పుట్టినవానికి ఆ ప్రశ్న బరువు వేరు.

మరుసటి యేడు ముహమ్మద్ అలీ వియత్నాం యుద్ధానికి సైన్యంలో చేరనని నిరాకరించాడు. దేశమంతా అతణ్ణి దూషిస్తున్న వేళ, 1967 జూన్ 4న బ్రౌన్ క్లీవ్‌లాండ్‌లో ఒక సమావేశం ఏర్పాటు చేశాడు. బిల్ రసెల్, తరువాత కరీమ్ అబ్దుల్ జబ్బార్‌గా ప్రసిద్ధి చెందిన ల్యూ ఆల్సిండర్ ప్రభృతులు వచ్చారు. వారిలో సైన్యంలో పనిచేసినవారూ ఉన్నారు. అలీని గంటల తరబడి ప్రశ్నించి, అతని నిజాయితీని నమ్మి, బాహాటంగా అండగా నిలిచారు. 1988లో ముఠాల యువకులనూ, ఖైదీలనూ దారికి తెచ్చేందుకు ‘అమెర్-ఐ-కాన్’ అనే కార్యక్రమం ప్రారంభించాడు.

చదువరులారా, ఇక్కడితో ఆపితే ఇది పాఠ్యపుస్తకంలో పెట్టదగిన జీవితచరిత్ర అయ్యేది. కాని స్త్రీలపట్ల హింసకు పాల్పడ్డాడన్న ఆరోపణలు ఆయన మీద 1960ల నుండి పలుమార్లు వచ్చాయి. పెక్కింటిలో శిక్ష పడలేదు. 1999లో భార్య కారును పగులగొట్టిన నేరం మాత్రం రుజువైంది. కౌన్సెలింగ్‌కు హాజరు కమ్మని న్యాయస్థానం ఆదేశిస్తే నిరాకరించి, 2002లో, అరవైయారేళ్ళ వయస్సులో, జైలుకు వెళ్ళాడు.

యజమాని ముందు తల వంచని స్వభావమే న్యాయస్థానం ముందు కూడా వంచలేదు. మొదటిదాన్ని ఆత్మగౌరవమని పొగిడిన మనం రెండవదాన్ని ఏమనాలి? నా మటుకు నేను రెండింటికీ ఒకే పేరు పెట్టలేను. మోడెల్ ముందు వంచని తల తన స్వాతంత్ర్యాన్ని నిలుపుకొన్నది. న్యాయస్థానం ముందు వంచని తల ఇతరులకు చేసిన కీడును ఒప్పుకోవడానికి నిరాకరించింది. పైకి ఒక్కలాగే కనిపించినా రెండవదానికి మూల్యం చెల్లించినవారు వేరే ఉన్నారు. వారి పేర్లు ఏ క్రీడాగ్రంథంలోని పట్టికలకూ ఎక్కవు.

ఆ పన్నెండువేల గజాలు అసత్యం కావు. అలీ ప్రక్కన కూర్చున్న ఆ మధ్యాహ్నమూ అసత్యం కాదు. పగిలిన కారు అద్దమూ అంతే సత్యం. ఒకదానితో మరొకదాన్ని కొట్టివేసే కూడికలు, తీసివేతలు చరిత్ర రాసేవాని పని కాదు. ధీరోద్ధతుని లక్షణం చెప్పిన లాక్షణికులు ‘ధీర’ శబ్దాన్ని తొలగించలేదు, ‘ఉద్ధత’ శబ్దాన్నీ దాచలేదు. రెండింటినీ ఒకే సమాసంలో ఉంచారు. జిమ్ బ్రౌన్ చరిత్రను కూడా అలాగే చదవాలని నా మనవి.