తూచిన చేయి, వ్రాసిన చేయి

రాజులను గూర్చియు, యుద్ధములను గూర్చియు మన చరిత్రగ్రంథములు విస్తరించి చెప్పినవి. గాదె వాకిట నిలిచి ధాన్యమును కొలిపించి, సరకును తూపించి, తాటాకుమీదనో కాగితముమీదనో ఆ లెక్క వ్రాసినవానిని గూర్చి ప్రత్యేకముగా చెప్పిన గ్రంథము అరుదు. అయినను రాజ్యముయొక్క ఆదాయమును, రైతుయొక్క సంవత్సర ఫలమును ఆ వ్రాతమీదనే నిలిచియుండినవి. ఈ వృత్తి ప్రాచీనత యెట్టిదో, అందలి చిక్కు ఎక్కడనున్నదో కొంత విచారింతము.

మైసూరులో ఆర్. శామశాస్త్రిగారు 1909లో ప్రకటించిన కౌటిల్యుని అర్థశాస్త్రమున రెండవ అధికరణము ఈ విషయమునకు గనివంటిది. అందు కోష్ఠాగారమున పనిచేయువారి పట్టిక యొకటి గలదు. తూచువాడు ధరకుడు, కొలుచువాడు మాయకుడు, కొలిపించువాడు మాపకుడు, ఇచ్చువాడు దాయకుడు, ఇప్పించువాడు దాపకుడు, లెక్కపుల్లలను గైకొనువాడు శలాకాప్రతిగ్రాహకుడు. చేయువానిని, చేయించువానిని వేరుపరచి, లెక్కపుల్లలను మూడవవాని చేతనుంచిన ఈ ఏర్పాటు గమనింపదగినది. ఇంతచేసియు కౌటిల్యుడు వీరినందరిని ఊడ్చువారితోను, దాసులతోను కలిపి ‘విష్టి’ యని ఒకే వర్గమున చేర్చెను. గాదెలోని ప్రతి గింజయు వీరి లెక్కకు లోబడినదే. పట్టికలో వీరికి దక్కిన స్థానము మాత్రమది.

కోష్ఠాగారాధ్యక్షునకు తరుగును గూర్చిన జ్ఞానము కూడ ఉండవలెను. ఆరికెలు, వ్రీహి ధాన్యము దంచినచో సారము సగమని ఆ గ్రంథమే చెప్పుచున్నది. ఇట్టి నిష్పత్తు లెరుగని అధికారికి ఏ దొంగతనమునైనను ‘తరుగు’ అని నమ్మింపవచ్చును గదా! తూనికరాళ్లు ఇనుముతోగాని, మగధ మేకల దేశముల రాతితోగాని, తడికి పెరుగక వేడికి తరుగని మరియొక వస్తువుతోగాని చేయింపవలెనని నియమము. నాలుగు మాసముల కొకసారి వానికి ముద్ర వేయవలెను. ముద్రలేని రాయి వాడినవానికి 27¼ పణముల దండనము. మనుస్మృతి ఆరు మాసముల కొకసారి పరీక్ష చాలునన్నది.

ఇంతటి నిష్ఠతో నియమములు చేసిన గ్రంథముననే ఒక విచిత్రము కానవచ్చును. ద్రోణమను కొలత ఒక్కటి కాదు, నాలుగు. రాజునకు రావలసినది కొలుచు ద్రోణము 200 పలములు. బజారులో వ్యవహారమునకు 187½. భృత్యులకు ఇచ్చునపుడు 175. అంతఃపుర వ్యయమునకు 162½. లెక్కించి చూడుడు. రైతులనుండి ఎనిమిది ద్రోణములు రాబట్టి, భృత్యులకు ఎనిమిది ద్రోణములే కొలిచి యిచ్చినచో, గాదెలో 200 పలముల నిండు ద్రోణ మొకటి మిగులును. పుస్తకమున జమయు ఎనిమిదే, ఖర్చును ఎనిమిదే. గుమాస్తా అబద్ధము వ్రాయలేదు. త్రాసు మోసము చేయలేదు. కొలతలోనే మిగులు చేర్చి ఉంచబడినది. దీనిని మోసమనుట తగదు, శాసనమున బహిరంగముగ చెప్పినదే గనుక. కాని పెద్దకొలతతో తీసికొని చిన్నకొలతతో ఇచ్చుట యను వాడుకకు మూలము బజారులో మాత్రమే వెదకరాదని దీనివలన తెలియును.

యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయము మరియొక మెట్టు పైకి పోయినది. త్రాసును కల్తీ చేసినవానిని, శాసనపత్రమును కల్తీ చేసినవానిని ఒకే శ్లోకమున నిలిపి, ఇద్దరికిని ఉత్తమసాహసమను దండమునే విధించినది. నాణెములను పరీక్షించువాడు మంచిదానిని చెడ్డదనినను, చెడ్డదానిని మంచిదనినను ఆ దండమే. తప్పుడు తూకమును, తప్పుడు వ్రాతయును సమానాపరాధములని భావించిన ఆ స్మృతికారుని సూక్ష్మదృష్టి మెచ్చదగినది. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరా వ్యాఖ్యను పదమూడవ శతాబ్దిలోనే మూలఘటిక కేతన తెలుగు చేసెను.

ఏ రాతితో తూచినదో వ్రాయనియెడల తూకమునకు అర్థము లేదు. ఈ సంగతి పొరుగున తంజావూరిలో రాజరాజచోళుని శాసనములు వ్రాసినవారికి బాగుగ తెలిసియుండెను. ఆలయమునకు ఇచ్చిన బంగారమును ‘ఆడవల్లాన్’ అను పేరుగల రాతితో తూచితిమని వారు శిలపై చెక్కించిరి. మన దేశమున కాకతీయ గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనము, క్రీ.శ. 1244-45 నాటిది, తుపానుకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకు ఇకమీదట అపహరింపబడదని అభయమిచ్చి, చందనము, కర్పూరము, ముత్యములు, దంతము, మిరియములు మొదలగు సరకులపై సుంకము నిర్ణయించినది. తీరమున ఆ సరకును తూచి వ్రాయువాడు ధర్మము తప్పినచో ఆ అభయము అక్షరములకే పరిమితమగును.

కళ్లములలో గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచము, తూము, పుట్టి అను కొలతలు నడచినవి. అయిదు తూములు ఏదుము, పది తూములు పందుము. కొలుచువాడు ‘ఒకటి’ యనక ‘లాభము’ అని ప్రారంభించుట ఆచారము. ఆ లాభ మెవరిదో గింజ రాలు తీరునుబట్టి తెలియును. కుంచముపై గుట్ట నిలిపి కొలిచినదానికిని, కర్రతో మట్టము చేసి కొలిచినదానికిని భేదము గలదు. రెండును పుస్తకమున ‘ఒక కుంచము’ అనియే ఎక్కును. పంట పంపకమునకై కళ్లమున కూర్చున్న కరణము ఈ భేదమును కన్నులార చూచియే కలము కదపవలసియుండెను. ఆంధ్రప్రదేశమున 1984లో ఆ ఉద్యోగము రద్దయినది.

తూనికలలోను ఇట్టి చిక్కే. కోస్తా జిల్లాలలో వీశె 120 తులములు, ఎనిమిది వీశెలు మణుగు. అనగా 960 తులములు. రైల్వేలు వాడిన బెంగాలు మణుగు 80 తులముల సేర్లు నలుబది. అనగా 3200 తులములు. స్టేషనులో సరకుల గుమాస్తా ఒక మణుగు వ్రాసినచో, ఊరిలో అది మూడు మణుగులకు మించినది. చదువు తక్కువైన రైతు ఈ రెండింటి నడుమ ఎంత పోగొట్టుకొనెనో లెక్క వ్రాసినవారు లేరు.

1928లో రాయల్ వ్యవసాయ కమిషన్ తన నివేదికలో బజారులందలి దొంగతూకములను, అక్రమపు తగ్గింపులను ఖండించినది. నైజాము రాజ్యమున 1930లోను, మదరాసు రాజధానిలో 1933లోను మార్కెట్ల చట్టములు వచ్చినవి. సరకు తూచువానికి లైసెన్సు ఉండవలెనను నిబంధనయు వీనితో వచ్చినది. అంతకుముందు కాటావాడు వర్తకుని అన్నము తినుచు రైతు బస్తా తూచెడివాడు. అట్టివానిని నిష్పక్షపాతిగా నుండుమనుట అతనికిని కష్టమే. 1956 చట్టము ననుసరించి 1958 అక్టోబరు 1 నుండి కిలోగ్రాము ప్రవేశించినది. 1962 నాటికి మణుగు, వీశె వ్యాపారమునుండి తొలగినవి. ముసలివారి నోట మాత్రము చాలకాలము నిలిచినవి. 1966లో ఆంధ్రప్రదేశమంతటికిని ఒకే మార్కెట్ల చట్టము ఏర్పడినది.

నేడు కాటా ఎలక్ట్రానిక్ యంత్రము. ముల్లు ఊగదు, పాసంగము చూడవలసిన పని లేదు. ధాన్యము కొనుగోలు కేంద్రమున తేమ నూటికి 17 పాళ్లకు మించరాదను నియమమునకు కూడ యంత్రమే ఉన్నది. తూకపు అంకె అందరికిని కనబడునట్లు వెలుగును. దాని ప్రక్కన తాలు, మట్టి అని వ్రాసి బస్తాకు ఇంత యని తగ్గించు అంకెను మాత్రము ఒక మనుష్యుడు, తన చేతితో, వ్రాయుచున్నాడు.