గ్రామాభ్యుదయ ప్రణాళిక: పూర్వాచారమును నేటి కర్తవ్యమును



గ్రామమును బాగుచేయవలెననగానే మనవారిలో పలువురకు మొదట స్ఫురించునది ధనము. ధనమావశ్యకమే. కాని యది దేనికి, ఎవరి సమ్మతితో, ఎవరి పర్యవేక్షణమున వ్యయము కావలెనో నిర్ణయించు అధికారము గ్రామస్థులందరకును లేనిచో, కట్టిన కట్టడము నిలుచును గాని గ్రామము బాగుపడదు. ఇందుకు మన దేశచరిత్రమే సాక్షి. ఆ సాక్ష్యమును సంగ్రహముగా మీ యెదుట నుంచుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

కౌటిల్యుని అర్థశాస్త్రమున జనపదనివేశ ప్రకరణమునందొక నియమము కలదు. పలువురు కలసి సేతువును, అనగా చెరువుకట్ట వంటిదానిని, నిర్మించుకొనునపుడు ఒకడు తొలగిపోయినచో, వానికి మారుగా వాని పనివారును ఎడ్లును పనిచేయవలెను. వ్యయములో వానికి భాగముండును, ఫలములో నుండదు. గ్రామకార్యమున పాలుగొనుట దయాదాక్షిణ్యములకు విడిచిన విషయము కాదనియు, అది ధర్మబద్ధమైన బాధ్యత యనియు నీ నియమము వలన స్పష్టమగుచున్నది.

కాంచీపురము చెంతనున్న ఉత్తరమేరూరులో మొదటి పరాంతకచోళుని శాసనములు రెండు కలవు. వాని కాలము క్రీ.శ. 919, 921. ఆ గ్రామమును ముప్పది భాగములుగా విభజించి, అర్హుల పేర్లు తాటాకులపై వ్రాసి, కుండలో వైచి, బాలునిచే తీయించి సభ్యుల నెన్నుకొనెడివారు. సంవత్సర కార్యములకొక సంఘము, తోటలకొక సంఘము, చెరువులకొక సంఘము నుండెను. లెక్కలు చూపనివాడును, వాని దగ్గరి బంధువులును మరల సభ్యత్వమునకు అనర్హులు. ఎంత కఠినమైన నియమము! అయినను ఒక్కమాట దాచరాదు. ఆ సభ బ్రాహ్మణులైన భూస్వాములది. స్త్రీలకుగాని, దున్ని పండించిన తక్కినవారికిగాని అందు స్థానము లేదు. పూర్వుల గుణమును గ్రహించునపుడు కొరతను గూడ గుర్తించుట విద్వల్లక్షణము.

మన కడప మండలమందలి పోరుమామిళ్ళ చెరువు శాసనము క్రీ.శ. 1369 నాటిది. విజయనగర ప్రభువైన మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడా చెరువును త్రవ్వించెను. నిత్యము వేయిమంది కూలీలు రెండు సంవత్సరములు పనిచేసిరని యా సంస్కృత శాసనము చెప్పుచున్నది. తటాకమునకు పండ్రెండు అంగములును, ఆరు దోషములును అందు చెప్పబడినవి. ఆ దోషములలో రెండింటిని మీరు మనస్సున నుంచుకొనవలెను: నీరు స్వల్పమై భూమి విస్తారమగుట యొకటి, నీరధికమై భూమి స్వల్పమగుట రెండవది. సాధనమునకును సాధ్యమునకును పొందిక లేని ప్రణాళిక దోషభూయిష్ఠమని యార్నూరేండ్ల క్రిందటనే మనవారెరుగుదురు.

తరువాతి కాలమున పరిపాలన గ్రామము చేతినుండి జారిపోయెను. కలసి చెరువుపని చేసికొను ఆచారము క్షీణింపగా, దానిని బలవంతముగా నిలుపుటకు మద్రాసు ప్రభుత్వము 1858లో నిర్బంధశ్రమ శాసనమును చేసెను. అయినను చెరువుల దురవస్థ తొలగలేదు. ఆజ్ఞ మనిషిని కట్టమీదికి తేగలదు. ఈ చెరువు నాదను బుద్ధిని పుట్టింపజాలదు.

ఆ బుద్ధి పుట్టినచోట నేమి జరుగునో చూడుడు. మహారాష్ట్రమున అహమ్మదునగరము జిల్లాలో (2024 నుండి దీనికి అహిల్యానగరమని పేరు) హివ్రేబజారను పల్లె కలదు. ఏటికి నాలుగువందల మిల్లీమీటర్ల వానయైన నిశ్చయముగా కురియని చోటు. 1972 నాటి కరవు పిమ్మట జనులు వలసపోయిరి. మిగిలినవారిని మద్యమును కలహములును పట్టుకొనెను. 1989లో పోపట్‌రావు పవార్ అను యువకుని గ్రామస్థులు సర్పంచిగా నెన్నుకొనిరి. గ్రామసభలో చర్చించి వారు కొన్ని వ్రతములు పూనిరి: చెట్టు నరుకరాదు, పశువులను విచ్చలవిడిగా మేపరాదు, మద్యము కూడదు, కుటుంబము మితముగా నుండవలెను, శ్రమదానము చేయవలెను. కొండవాలున కందకములు త్రవ్విరి, వాగులకడ్డముగా కట్టలు వేసిరి. ఏటేట వానను, బావులలోని నీటిని కొలిచి, ఆ లెక్కనుబట్టి యే పైరు వేయదగునో సభలో తేల్చుకొనిరి. చెరకు, అరటి వలదనిరి. సేద్యమునకు బోరుబావులను మానిరి. పోరుమామిళ్ళ శాసనము చెప్పిన దోషమును పరిహరించుట యన నిదియే గదా! డెబ్బది, ఎనుబది అడుగుల లోతుననున్న నీరు ఇరువది, ఇరువదియైదు అడుగులకు వచ్చెను. 1990 దశకమున అచ్చట దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబములు 168; 2010 నాటికి మూడు మాత్రమే. వలసపోయినవారిలో పలువురు తిరిగి వచ్చిరి.

మన తెలుగునేలను వరంగల్లు ప్రాంతమున గంగదేవిపల్లి వారును నీటికి, పారిశుద్ధ్యమునకు, ఇట్లొక్కొక్క కార్యమునకు వేర్వేరు సంఘముల నేర్పరచుకొని, 2007లో నిర్మల గ్రామ పురస్కారమును పొందిరి.

నేడు శాసనబలమును మనకున్నది. 1993 ఏప్రిల్ 24న అమలునకు వచ్చిన డెబ్బదిమూడవ రాజ్యాంగ సవరణ 29 విషయములను పంచాయతీలకు అప్పగింపదగినవిగా పేర్కొన్నది. 2015 నుండి ప్రతి పంచాయతీయు తన యభివృద్ధి ప్రణాళికను గ్రామసభ మూలమున సిద్ధము చేసికొను విధానమేర్పడినది.

ఇక నా యపరాధమొకటి విన్నవింతును. నేనుపాధ్యాయుడనుగా నున్న యొక పల్లెలో పూర్వమొకప్పుడు ఊరి బాగునకు ప్రణాళిక వ్రాయు భారము నాపై పడెను. పాఠశాల వసారాలో ఆరుగురు పెద్దలు చెప్పగా నేను చక్కని దస్తూరితో వ్రాసితిని. మొదటి పద్దు సమావేశ భవనము. ఊరి చివరి వాడనుండి కడవతో వచ్చిన వృద్ధురాలొకతె యా కాగితము వంక చూచి, "అయ్యవారూ, ఇందులో మా బావి ఎక్కడుందండీ?" అని యడిగెను. వెదకినను లేదు. మేమా వాడకు పోనేలేదు. భవనము లేచినది, పెండ్లిండ్లకు దక్క దాని తలుపులు తెరచుట నేను చూడలేదు. ఆమె కడవ మోయుట మాత్రము నాకు బదిలీ యగువరకును చూచుచునే యుంటిని. నా సంస్కృతమంతయు నాకప్పుడు నేర్పని పాఠమును ఆ యొక్క ప్రశ్న నేర్పినది.

కావున మన మహాసభకు నా విజ్ఞాపనమిది. పట్టణములందు స్థిరపడిన మనవారు జన్మగ్రామములకు విరివిగా విరాళములిచ్చుచున్నారు, సంతోషము. అయితే ద్వారతోరణమునకో, భవనమునకో ధనము పంపుటకు ముందు గ్రామసభ నడుగుడు. అన్ని వాడలును కాలినడకను తిరిగి, నీరు, దారి, బడి, మురుగు ఎట్లున్నవో కన్నులార చూడుడు. ఏది ముందో, ఏది తరువాతనో స్త్రీలును కూలిజనులును కూర్చున్న సభలో తేల్చుడు. ఖర్చుల పట్టిక పంచాయతీ గోడపై అందరకును కనబడునట్లు వ్రాయింపుడు. మన కులమువారి వీధికి మాత్రమే వెలుగు తెచ్చు ప్రణాళిక గ్రామప్రణాళిక కానేరదు. మన సంఘముయొక్క గౌరవమును దానివలన హెచ్చదు.

వచ్చు మహాసభనాటికి మనలో పదిమందియైన తమ తమ గ్రామములలో నిట్టి సభ జరిపించి, అందు తేలిన మొదటి పద్దేదియో ఈ సంచికకు వ్రాసి పంపుదురుగాక. అందొక బావి పేరు కనబడినచో నా ఋణము కొంత తీరినట్లు తలంతును.