అతుకుల బొంత పుట్టుపూర్వోత్తరాలు

ఇంగ్లండు ఉత్తరాన కంబ్రియా ప్రాంతంలో లెవెన్స్ హాల్ అనే పాత భవంతి ఉంది. అందులో ఒక అతుకుల బొంతను ఇప్పటికీ భద్రంగా కాపాడుతున్నారు. 1708 ప్రాంతంలో కుట్టిందని చెబుతారు. ఆ దేశంలో మిగిలిన అతుకుల బొంతల్లో ఇంతకంటే పాతది లేదని పేరు. ఆ బొంతలోని ముక్కలు ఇంగ్లండు గుడ్డలోవి కావు. మన దేశం నుంచి ఓడల్లో వెళ్లిన పువ్వుల అద్దకం నూలు గుడ్డలోవి. దాన్ని అక్కడ చింట్జ్ అనేవారు.

అంత పెద్ద భవంతిలో ఉండేవాళ్లకు గుడ్డముక్కలు దాచుకోవాల్సిన అవసరం ఏమొచ్చింది? ఆ గుడ్డ అంత విలువైనది కాబట్టి. అప్పటి యూరప్‌లో ఉన్నవి ఎక్కువగా ఉన్ని, నార బట్టలు. వాటి మీద అచ్చువేసిన రంగు నీళ్లు తగిలితే కారిపోయేది. మన అద్దకం అలాంటిది కాదు. గుడ్డను కరక్కాయ రసంలో, గేదె పాలలో తడిపి ఆరబెట్టేవారు. బెల్లం నీళ్లలో ఇనుప ముక్కలు నానబెట్టి నల్ల గీతలు తీసేవారు. ఎరుపు కావాల్సిన చోట పటిక రాసి, చిరివేరుతో ఉడకబెట్టేవారు. పటిక తగిలిన చోటే ఎరుపు పట్టుకుంటుంది, మిగతాది ఉతుకులో పోతుంది. అలా పట్టిన రంగు ఏళ్ల తరబడి ఉతికినా నిలిచేది. ఈ సరుకు కోసమే డచ్చివాళ్లూ, వాళ్ల వెనకే 1611లో ఇంగ్లీషువాళ్లూ మచిలీపట్నంలో దిగారు. కోరమండల్ తీరమంతా ఈ వ్యాపారానికి పెట్టింది పేరు.

గిరాకీ ఎంత పెరిగిందంటే అక్కడి నేతగాళ్లు గగ్గోలు పెట్టారు. ఫ్రాన్సు 1686లో ఈ గుడ్డను నిషేధించింది. ఇంగ్లండు 1700లో దిగుమతిని ఆపింది. అదీ చాలక 1721లో ఇంకో చట్టం తెచ్చి, అద్దకపు నూలు గుడ్డను ఒంటి మీద కట్టుకోవడమే కాదు, మంచాలకూ కుర్చీలకూ వాడటం కూడా తప్పంది. ఆ ఆంక్షలు 1774లో గాని పోలేదు. దొరకని గుడ్డ ఇంట్లో ఉంటే ఎవరు పారేస్తారు? గౌను చిరిగినా దాని మీది పువ్వు చెక్కుచెదరదు. ఆ పువ్వును చుట్టూ కత్తిరించి, వేరే గుడ్డ మీద పరిచి కుట్టే పద్ధతి తర్వాతి కాలంలో ఒక కళగానే స్థిరపడింది. బొంత పేదరికంలోంచి పుట్టిందనే మాట నా దృష్టిలో సగమే నిజం. గుడ్డ విలువ తెలిసిన చోటల్లా అది పుట్టింది.

ఆ మాటకొస్తే అతుకుల బట్టకు మన దేశంలో అంతకంటే పాత చరిత్ర ఉంది. మగధలో గట్లు పోసిన పంట మడులను చూపించి, భిక్షువుల చీవరాలను అలా కుట్టగలవా అని బుద్ధుడు ఆనందుణ్ణి అడిగాడని వినయపిటకం చెబుతుంది. అప్పటి నుంచి గుడ్డను కోసి, ముక్కలుగా అతికిన వస్త్రమే భిక్షువుకు విధి అయింది. చైనాలోని దున్‌హువాంగ్ బౌద్ధ గుహల్లో అన్వేషకుడు ఆరెల్ స్టెయిన్‌కు దొరికిన పట్టుముక్కల అతుకుల వస్త్రం ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

మళ్లీ ఇంగ్లండుకు వస్తే, అక్కడి ఆడవాళ్లు ముక్కలు అతికే తీరు ప్రత్యేకమైనది. ముందు కాగితాన్ని కావలసిన ఆకారంలో కత్తిరించి, దాని మీదికి గుడ్డ అంచులు మడిచి టాకాలు వేస్తారు. అలా తయారైన ముక్కలను అంచుకు అంచు చేర్చి కుడతారు. పని ముగించకుండా వదిలేసిన బొంతల్లో ఆ కాగితాలు అలాగే ఉండిపోయాయి. విప్పి చూస్తే పాత ఉత్తరాలు, ఖర్చుల లెక్కలు, పిల్లల రాత పుస్తకాల కాగితాలు!

మిల్లులు వచ్చి నూలు గుడ్డ చవకయ్యాక అమెరికాలో ఇంటింటా బొంతల పని సాగింది. 1930ల ఆర్థికమాంద్యంలో పిండి, దాణా బస్తాల గుడ్డ కూడా బొంతల్లోకి వచ్చింది. ఆడవాళ్లు బస్తాలు విప్పి బట్టలు కుట్టుకుంటున్నారని గమనించి, కంపెనీలు బస్తాల మీదే పువ్వులు అచ్చువేయించాయి.

అమెరికాలో నేను అన్నిటికంటే పైన నిలబెట్టేది అలబామా రాష్ట్రంలోని జీస్ బెండ్ బొంతలను. మూడు వైపులా నది చుట్టుకున్న ఊరు అది. ఒకప్పుడు బానిసలుగా పత్తి తోటల్లో పనిచేసినవాళ్ల సంతతి ఇప్పటికీ అక్కడే ఉంటోంది. చాలామంది ఇంటిపేరు పెట్‌వే, అది తోట యజమాని పేరు. చెక్క ఇళ్ల సందుల్లోంచి చలిగాలి వస్తుంటే గోడలకు పాత పత్రికలు అంటించుకుని, బొంతల మీద బొంతలు కప్పుకుని కాలం గడిపారు. పొలంలో తొడిగి మోకాళ్ల దగ్గర అరిగిన ప్యాంట్లు, చొక్కాల కింది కొసలు, బస్తా గుడ్డలు, ఇవే వాళ్ల ముడిసరుకు. ఆ ఊళ్లో మిస్సోరీ పెట్‌వే భర్త చనిపోయాడు. 1942లో ఆమె ఆయన పని బట్టలన్నీ తీసి ఒక బొంత కుట్టింది. ఆయన్ను తలుచుకుంటూ కప్పుకుని పడుకోవడానికే అమ్మ అది కుట్టిందని కూతురు ఆర్లోన్జియా చెప్పింది. వెలిసిన నీలం మధ్య, జేబు ఊడదీసిన చోట ముదురు నీలం ముక్క చదరంగా కనిపించడం ఆ ఊరి పనిబట్టల బొంతల్లో చూస్తాం. ఏ రంగుల డబ్బాలోనూ ఆ నీలం దొరకదు.

ఓటు హక్కు కోసం ఊరివాళ్లు నది దాటి క్యామ్‌డెన్ వెళ్తున్నారని 1962లో పడవ ఆపేశారు. అది మళ్లీ నడిచింది 2006లో. అయినా 1966లో ఆ ప్రాంతపు ఆడవాళ్లు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. సియర్స్ కంపెనీకి కార్డురాయ్ దిండుగలీబులు కుట్టిచ్చేవారు. మిగిలిన కార్డురాయ్ కత్తిరింపులు ఇళ్లకు చేరి మళ్లీ బొంతలయ్యాయి. 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో, ఆ తర్వాత న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో ఆ బొంతలను గోడలకు వేలాడదీశారు. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి బొమ్మలతో బిళ్లలు వేసింది.

మన పొరుగున కర్ణాటకలో, ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీలున్నారు. ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ల సంతతి. వాళ్ల బొంతను కవంది అంటారు. అడుగున పాత చీర పరిచి, మూల నుంచి మొదలుపెట్టి అంచుల వెంట తిరుగుతూ, ముక్క తర్వాత ముక్క చేరుస్తూ నడిమికి చేరుకుంటారు. ముందు గీసుకున్న నమూనా ఏదీ ఉండదు. చివర నాలుగు మూలలా చిన్న గుడ్డ మడతలు, ‘ఫూల’ అని, కుట్టాలి. అవి లేని కవందిని బట్టకట్టని మనిషిలా లెక్కిస్తారు.

మన బొంత కూడా ఈ కుటుంబానిదే. పైకీ కిందికీ కాస్త గట్టిగా ఉన్న నేత చీరలు, నడుమ నలిగి మెత్తబడిన పంచెలు, లుంగీలు, లంగాలు. మధ్యాహ్నం పనులు తెమిలాక వాటిని అరుగు మీద పరిచి, మూలల మీద బరువులు పెట్టి, ముడతల్లేకుండా అరచేత్తో సర్దేవారు. చినిగిన చోట టైలరు దగ్గర తెచ్చిన ముక్క. ఎర్ర ముక్క పక్కన పసుపుపచ్చదా, ఆకుపచ్చదా అని ఒకసారి పెట్టి చూసి, తీసి, మళ్లీ పెట్టేవారు. ఆ ఎంపికను మనం ఎన్నడూ కళ అనలేదు. మ్యూజియం గోడకెక్కిన బొంతల్లో ఉన్నదీ అదే ఎంపిక. పసిబిడ్డ కింద పరిచేదీ, వానాకాలం రాత్రి నలుగురు పిల్లల మీద కప్పేదీ ఆ బొంతే.

అది మాయమైంది మనకు కలిమి వచ్చినందువల్ల మాత్రమే కాదు. పాలిస్టర్ చీర చిరగదు, చెమట పీల్చదు, బొంతకు పనికిరాదు. దాని వెనకే చవక బ్లాంకెట్లు వచ్చాయి. గుడ్డకు విలువ పోయింది, దాంతో ముక్కకూ పోయింది. ఇప్పుడు అమెరికాలో బొంతలు కుట్టేవాళ్లు కొత్త గుడ్డే కొని ముక్కలు చేసి, అలమరాల నిండా రంగుల వారీగా పేర్చుకుంటున్నారు. వాళ్లను తప్పుపట్టను, రంగుల మీద ప్రేమ ఎక్కడున్నా మంచిదే.

మన బీరువాల్లో మాత్రం ఆ నిల్వ కొనకుండానే పేరుకుని ఉంది. పేరంటాల్లో, పెళ్లిళ్లలో, వ్రతాల్లో తాంబూలంతో చేతిలో పెట్టిన జాకెట్టు ముక్కలు! కుట్టించుకోం, పారేయలేం, ఇంకొకరి చేతిలో పెడతాం. ఒకరోజు వాటిని కిందికి దించండి. నూలువి ఒక పక్కకు, పాలిస్టర్‌వి ఒక పక్కకు తీయండి. నూలు ముక్కలను విడివిడిగా నానబెట్టి రంగు దిగుతుందేమో చూడండి, లేకపోతే మొదటి ఉతుకులోనే బొంతంతా పాడవుతుంది. వెనకవైపుకు ఒక పాత నేత చీర చాలు. బొంత కుట్టడం తెలిసిన నాయనమ్మో అమ్మమ్మో ఇంట్లో ఉంటే, చూపు ఆనినన్నాళ్లే ఆవిడ సూదిలో దారం ఎక్కించగలరు. ఈ సెలవుల్లోనే ఆవిడ పక్కన కూర్చుని నేర్చుకోండి.