మెదడువాపునకు హార్మోన్లు మందవుతాయా?

ధరూర్: జూరాల ప్రాజెక్టు ధరూర్ మండలం రేవులపల్లి వద్ద ఉంది. కాల్వల కింద వరి సాగవుతున్న చోట నీరు నిలిచిన మళ్లు క్యూలెక్స్ దోమలకు ఆవాసం. జపనీస్ మెదడువాపు వైరస్‌ను మోసేది ఈ దోమలే. కొంగలు, పందుల్లో పెరిగే ఈ వైరస్ దోమకాటు ద్వారా మనుషులకు సోకుతుంది. రోగి నుంచి మరొకరికి అంటుకోదు. సోకిన వారిలో సుమారు 250 మందిలో ఒకరికి మాత్రమే వ్యాధి ముదురుతుంది. ముదిరితే మాత్రం నూటికి 30 మంది వరకు మరణించే ప్రమాదం ఉంది. బయటపడిన వారిలోనూ పలువురికి మూర్ఛ, పక్షవాతం, మాట పడిపోవడం వంటి వైకల్యాలు మిగులుతాయి. వైరస్‌ను నేరుగా చంపే మందు దీనికి నేటికీ లేదు. అందువల్లనే శాస్త్రజ్ఞుల దృష్టి హార్మోన్లపై పడింది.

వాపు ఎందుకు వస్తుంది?

వైరస్ మెదడులో ప్రవేశించగానే శరీర రక్షణ కణాలు దానిపై దాడికి దిగుతాయి. ఆ పోరులో వెలువడే రసాయనాల వలన మెదడు ఉబ్బుతుంది. పుర్రె ఎముక సాగదు గనుక లోపల ఒత్తిడి పెరిగి ఫిట్స్, అపస్మారకం వస్తాయి. అంటే వైరస్ చేసే హానికి మన రక్షణ వ్యవస్థ చేసే హాని తోడవుతుంది. మూత్రపిండాలపై ఉండే అధివృక్క గ్రంథుల నుంచి వచ్చే కార్టిసాల్ హార్మోను ఇటువంటి వాపును అదుపు చేస్తుంది. దానిని పోలినట్లు తయారుచేసిన మందులే డెక్సామెథసోన్, మిథైల్ ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్లు.

పరీక్షలో తేలినదేమిటి?

థాయ్‌లాండ్‌లోని నాలుగు ఆస్పత్రుల్లో జపనీస్ మెదడువాపు రోగులకు డెక్సామెథసోన్ ఇచ్చి పరీక్షించారు. ఫలితాలు 1992లో వెలువడ్డాయి. మందు ఇచ్చిన వారిలో 24 శాతం, ఇవ్వని వారిలో 27 శాతం మంది మరణించారు. మూడు నెలల తరువాత మిగిలిన నరాల లోపాలు రెండు వర్గాల్లోనూ సమానమే. చెప్పుకోదగిన మేలు కనిపించలేదు.

నిద్రను నియంత్రించే మెలటోనిన్, అధివృక్క గ్రంథులలోనే తయారయ్యే డీహెచ్ఈఏ హార్మోన్లను వైరస్ సోకిన ఎలుకలపై 1990లలో ప్రయోగించగా కొంత రక్షణ లభించింది. అయితే ఎలుకలో పనిచేసినదల్లా మనిషిలో పనిచేయదు. ఇవి నేటికీ మెదడువాపు రోగులకు ఇచ్చే ప్రామాణిక చికిత్సలో లేవు.

ఒక రకం వాపులో మాత్రం స్టెరాయిడ్లు నిజంగా ఆదుకుంటాయి. వైరల్ జ్వరం తగ్గిన కొన్ని రోజులకు రక్షణ వ్యవస్థ పొరపాటున సొంత మెదడుపైనే దాడి చేసే సందర్భాలున్నాయి. అప్పుడు వైద్యులు మొదట ఎంచుకునేది ఈ మందులనే. ఏది ఏ రకమో వెన్నునీటి పరీక్ష, స్కానింగ్ చేస్తేనే తెలుస్తుంది.

'డెక్సా' సూదితో ముప్పు

జ్వరం రాగానే ఊళ్లోనే స్టెరాయిడ్ సూది వేయించుకునే అలవాటు గ్రామాల్లో ఉంది. జ్వరం దిగి రోగి తేరుకున్నట్లు కనిపిస్తాడు. లోపల వ్యాధి మాత్రం సాగుతూనే ఉంటుంది. రోగనిరోధక శక్తి తగ్గుతుంది, రక్తంలో చక్కెర పెరుగుతుంది, అన్నిటికన్నా మించి విలువైన గంటలు వృథా అవుతాయి.

ఆ గంటల విలువ ఎంతో 2003లో తెలిసింది. ఆ ఏడాది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మెదడువాపు సోకిన 329 మంది పిల్లల్లో 183 మంది మరణించారు. అది శాండ్‌ఫ్లై ఈగల ద్వారా వ్యాపించే చండీపురా వైరస్ పని అని పరిశోధకులు తేల్చారు. చాలామంది పిల్లలు ఆస్పత్రిలో చేరిన ఒక్క రోజులోపే ప్రాణాలు వదిలారు.

ఏం చేయాలి?

- జ్వరంతో పాటు తలనొప్పి, వాంతులు, ఫిట్స్, మత్తు, పిచ్చిగా మాట్లాడటం కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేసి పెద్దాస్పత్రికి తరలించాలి.
- ఫిట్స్ వచ్చినప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో నీళ్లు పోయరాదు, ఏమీ పెట్టరాదు.
- ఆస్పత్రిలో ఫిట్స్‌ను ఆపడం, మెదడు ఒత్తిడిని తగ్గించడం, శ్వాసను నిలబెట్టడమే ప్రధాన చికిత్స.
- ప్రభుత్వం గుర్తించిన జిల్లాల్లో పిల్లలకు 9 నెలలు నిండాక ఒకటి, 16-24 నెలల మధ్య మరొకటి చొప్పున జేఈ టీకా ఉచితంగా వేస్తారు. ఆరోగ్య ఉపకేంద్రంలో విచారించాలి.
- సాయంత్రం నుంచి తెల్లవారే వరకు దోమతెరలు వాడాలి. పందుల దొడ్లను ఇళ్లకు దూరంగా ఉంచాలి. వీలైన చోట వరికి ఆరుతడి పద్ధతిలో నీరు పెట్టాలి.

హార్మోన్లపై పరిశోధనలు ఫలిస్తే మేలే. అంతవరకు ఈ వ్యాధి నుంచి కాపాడేవి టీకా, దోమతెర, ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి చేర్చడం. స్టెరాయిడ్ ఇవ్వాలా వద్దా అన్నది పరీక్షించిన వైద్యుడే నిర్ణయించాలి.