బోన్ స్కాన్‌లో కిడ్నీలు కనిపిస్తే భయపడాలా?

బోన్ స్కాన్‌లో టెక్నీషియం-99ఎం కలిపిన మందును నరానికి ఎక్కించి, సాధారణంగా 2 నుంచి 4 గంటల తర్వాత ఫొటోలు తీస్తారు. ఎముకలు పట్టుకోగా మిగిలిన మందు మూత్రంలో పోతుంది. అందుకే కిడ్నీలు, మూత్రాశయం కనిపించడం మామూలే. సూది వేసిన చోట మందు బయటికి కారినా, ఈమధ్య ఆపరేషన్ జరిగినా అక్కడా మచ్చ రావచ్చు.

ఎముకలన్నీ గాఢంగా ఉండి, కిడ్నీలు దాదాపు కనిపించకపోతే ‘సూపర్ స్కాన్’ అంటారు. ఎముకలకు పాకిన క్యాన్సర్‌లో ఇలా వస్తుంది, ఫ్లోరోసిస్‌లోనూ రావచ్చు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఉన్న ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్ల బాధ పాతదే. కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లు ఏళ్లుగా బోరు నీళ్లు తాగి ఉంటే, పాత దెబ్బలు, ఆపరేషన్లతో పాటు ఆ సంగతీ డాక్టర్‌కు ముందే చెప్పాలి. గర్భంతో ఉన్నా, పిల్లలకు పాలిస్తున్నా దాచకూడదు.