నల్లగొండ ఫ్లోరోసిస్: నీటి లెక్క – రోగి ప్రశ్న

1. ఉపోద్ఘాతం

నల్లగొండ ఫ్లోరోసిస్ చరిత్రను నీటి సరఫరా చరిత్రగానో, ఉద్యమ చరిత్రగానో చదవడం పరిపాటి. గణాంకాలు రోగికి చేరిన తీరును తెలిపే చరిత్రగా కూడా దానిని చదవవచ్చునని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

2. నీటిని కొలిచిన సంఖ్య

మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని షార్ట్ బృందం 1937లో నమోదు చేసింది. నల్లగొండ రోగులపై సిద్ధిఖీ రాసిన పత్రం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. పటిక, సున్నంతో ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని 1970లలో నాగపూర్‌లోని ‘నీరి’ రూపొందించగా, దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అన్న పేరు స్థిరపడింది. నీటిని అంచనా వేయడానికి కొలమానం పీపీఎం, అంటే లీటరు నీటిలో ఉన్న ఫ్లోరైడు మిల్లీగ్రాముల లెక్క. భారతీయ ప్రమాణాల ప్రకారం 1.0 ఆమోదయోగ్యం, వేరే జలవనరు లేనిచోట 1.5 వరకు అనుమతి ఉంది. ఈ రెండింటిలో ఏది వర్తించాలో నిర్ణయించేది తాగేవారి ఎముకల స్థితి కాదు, ఊరికి మరో నీటి వనరు ఉండటం, లేకపోవడం.

3. రోగి ప్రశ్న

పీపీఎం బోరునీటి గురించి చెబుతుంది. రోగి అడిగేది తన వెన్ను గురించి, బిడ్డ కాళ్ల గురించి. 1.5 పీపీఎం నీటిని ఎండలో రోజుకు 5 లీటర్లు తాగే కూలీకి 7.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడు చేరుతుంది. 3 పీపీఎం నీటిని 2 లీటర్లు తాగేవారికి చేరేది 6 మాత్రమే. తాగిన సంవత్సరాలు, ఆహారంలోని కాల్షియం కూడా ఫలితాన్ని మారుస్తాయి. కనుక ‘నీరు పరిమితిలోనే ఉంది’ అన్న మాట నిజమైనా, రోగికి జవాబు కాదు. గట్టిపడి వంగిన వెన్నును మందులు పూర్వస్థితికి తేలేవు. నీరు మారితే మరింత హానిని నివారించవచ్చు. ఆ మార్పువల్ల అధికంగా లబ్ధి పొందేది పిల్లలు. రోగికి ముందుగా చేరవలసినవి ఈ మూడు మాటలు.

4. బాధితుల సంఖ్య

1996 లోక్‌సభ ఎన్నికలలో, దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి పిలుపుమేరకు నల్లగొండలో సామూహికంగా నామినేషన్లు దాఖలయ్యాయి. బరిలో 480 మంది నిలవడంతో బ్యాలెట్ పత్రం పుస్తకమైంది. పైనుంచి వచ్చిన పీపీఎంకు కిందినుంచి వెళ్లిన జవాబు ఈ 480. ఆ ఏడాదే చట్టాన్ని సవరించి లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్‌ను 500 రూపాయల నుండి 10,000కు పెంచారు. నీటి కోసం వేసిన నామినేషన్లను చట్టం అభ్యర్థుల రద్దీగానే లెక్కించింది.

5. ముగింపు

సంఖ్య తప్పు కాకపోయినా సంభాషణ తప్పవచ్చునని నల్లగొండ అనుభవం తెలుపుతుంది. ఆ సంఖ్య ఎవరి ప్రశ్నకు జవాబో పరిశీలించడం వైద్య చరిత్ర పరిశోధకుల బాధ్యత.